మహమ్మారికి ముందుచూపు

పాఠ్యభాగ సందర్భం

అంటువ్యాధి సోకినవారికి చికిత్స చేయడం వైద్యశాస్త్రం పని. ఆ వ్యాధి ఎటు సాగుతుందో, ఎందరిని తాకుతుందో, ఎన్ని పడకలు అవసరమవుతాయో ముందుగా అంచనా వేసి పాలకులకు తెలపడం మరొక శాస్త్రం పని. గణితం, గణాంకశాస్త్రం, కంప్యూటరు విజ్ఞానం కలిసి రూపొందించిన ఆ శాస్త్రం ఎలా పుట్టింది, ఎలా పనిచేస్తుంది, ఎక్కడ తడబడుతుంది అనే విషయాలను ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

మానవజాతికి అతిప్రాచీనమైన శత్రువులలో అంటువ్యాధి ఒకటి. మశూచి, కలరా, ప్లేగు అన్న మాట వినబడితే చాలు, ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యేవి. వ్యాధికి కారణం తెలియని కాలంలో పోలేరమ్మకు మొక్కుకొనడం, పొలిమేర దాటి పోవడం తప్ప ప్రజలకు వేరు దారి ఉండేది కాదు. సూక్ష్మజీవుల సంగతి తెలిసి, టీకాలు, మందులు వచ్చిన తరువాత ఆ భయం చాలావరకు తగ్గింది. అయినా ఒక ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. వ్యాధి రేపు ఎక్కడికి చేరుతుంది?

గాలివానల విషయంలో ఇటువంటి ప్రశ్నకు విజ్ఞానశాస్త్రం సమాధానం సాధించింది. 1977 నవంబరులో దివిసీమను ముంచెత్తిన ఉప్పెన వేలాదిమందిని బలిగొన్నది. ఆ తరువాతి దశాబ్దాలలో రాడార్లు, ఉపగ్రహాలు, కంప్యూటర్లు తుపాను గమనాన్ని ముందే సూచించసాగాయి. తీరప్రాంత ప్రజలను సకాలంలో తరలించడం వల్ల ప్రాణనష్టం ఎంతో తగ్గింది. అంటువ్యాధి విషయంలోనూ అటువంటి హెచ్చరిక సాధ్యమేనా అని శాస్త్రవేత్తలు ఆలోచించడం సహజమే.

అయితే ఈ రెండింటికీ ఒక ముఖ్యమైన భేదం ఉంది. తుపాను హెచ్చరికను జనం విన్నా వినకపోయినా తుపాను తన దారి మార్చుకోదు. అంటువ్యాధి అలాంటిది కాదు. హెచ్చరిక విని జనం జాగ్రత్తపడితే వ్యాధి గమనమే మారిపోతుంది. అందువల్ల ఇక్కడ అంచనా వేయడం, నిర్ణయం తీసుకోవడం అనే రెండు పనులను విడదీయడం సాధ్యం కాదు. ఈ శాస్త్రంలోని కష్టమంతా, ప్రయోజనమంతా ఈ ఒక్క విషయంలోనే ఇమిడి ఉంది.

గణితం తొక్కిన దారి

1854లో లండను నగరంలోని సోహో ప్రాంతంలో కలరా చెలరేగింది. జాన్ స్నో అనే వైద్యుడు మరణాలు సంభవించిన ఇళ్లను ఒక్కొక్కటిగా పటంలో గుర్తించాడు. ఆ గుర్తులన్నీ బ్రాడ్ వీధిలోని ఒక చేతిపంపు చుట్టూ గుమికూడాయి. ఆయన మాట మన్నించి అధికారులు ఆ పంపు పిడిని తొలగించారు. వివరాల సేకరణ, వాటి అమరిక, వాటి నుండి ఒక నిర్ణయం అనే మూడు మెట్లు ఈ సంఘటనలో స్పష్టంగా కనిపిస్తాయి. ఈనాటి భారీ కంప్యూటరు వ్యవస్థలు చేసేది కూడా స్థూలంగా ఇదే.

ఈ చరిత్రలో తెలుగునేలకు కూడా స్థానం ఉంది. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ జీర్ణాశయపు గోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. ఆ పరిశోధనలకు 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. రాస్ గణితాభిమాని కూడా అన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. మలేరియాను అరికట్టాలంటే దోమలన్నింటినీ నిర్మూలించనవసరం లేదనీ, వాటి సంఖ్యను ఒక హద్దుకు దిగువకు తెస్తే చాలునని, ఆ తరువాత వ్యాధి తనంతట తానే క్షీణిస్తుందనీ ఆయన సమీకరణాల ద్వారా వాదించాడు. 1911లో వెలువడిన ఆయన గ్రంథంలో ఈ సిద్ధాంతం కనిపిస్తుంది. సూక్ష్మదర్శినితో శత్రువును గుర్తించిన వ్యక్తే కాగితం మీద లెక్కవేసి దానిని ఓడించే మార్గాన్ని కూడా సూచించాడు.

రాస్ వేసిన బాటలో నడిచినవాడు ఎ. జి. మెక్‌కెండ్రిక్. ఆయన ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేసిన వైద్యుడు. స్కాట్లండుకు తిరిగి వెళ్లిన తరువాత ఆయన కెర్మాక్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1927లో ఒక పరిశోధనపత్రం ప్రకటించాడు. ప్రయోగశాలలో జరిగిన ప్రమాదంలో కెర్మాక్ అప్పటికే చూపు కోల్పోయాడు. తమ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి వారు ఎన్నుకొన్నవి బొంబాయి నగరంలో 1905 డిసెంబరు నుండి 1906 జులై వరకు వారంవారం నమోదైన ప్లేగు మరణాల సంఖ్యలు. ఒక నగరపు విషాదం ఒక కొత్త శాస్త్రానికి ఆధారమైంది.

మూడు రాశుల లెక్క

కెర్మాక్, మెక్‌కెండ్రిక్‌ల ఆలోచన చాలా సరళమైనది. జనాభాను మూడు రాశులుగా విభజించవచ్చు. వ్యాధి సోకే అవకాశం ఉన్నవారు మొదటి రాశి. వ్యాధి సోకి ఇతరులకు అంటించగలిగినవారు రెండవ రాశి. కోలుకొన్నవారు, మరణించినవారు మూడవ రాశి. మొదటి రాశి నుండి రెండవదానికి, రెండవదాని నుండి మూడవదానికి రోజూ కొందరు మారుతూ ఉంటారు. ఆ మార్పు ఎంత వేగంగా జరుగుతున్నదో తెలిస్తే వ్యాధి ఎప్పుడు ఉద్ధృతమవుతుందో, ఎప్పుడు తగ్గుముఖం పడుతుందో లెక్కకట్టవచ్చు.

ఈ లెక్కకు ప్రాణం వంటిది ఒక సంఖ్య. ఒక రోగి సగటున ఎంతమందికి వ్యాధిని అంటిస్తున్నాడో అది తెలుపుతుంది. ఆ సంఖ్య ఒకటి కంటె ఎక్కువైతే వ్యాధి విస్తరిస్తుంది. ఒకటి కంటె తక్కువైతే క్రమంగా అణగిపోతుంది. రోగనిరోధకశక్తి లేని సమాజంలో తట్టు వ్యాధికి ఈ సంఖ్య 12 నుండి 18 వరకు ఉంటుందని సాధారణంగా చెబుతారు. పసిపిల్లలలో దాదాపు అందరికీ తట్టు టీకా వేయాలని వైద్యులు పట్టుబట్టడానికి కారణం ఇదే.

ఈ పెరుగుదల మానవుని ఊహకు సులభంగా అందదు. ఒక పట్టణంలో నూరుమంది రోగులు ఉన్నారనీ, వారి సంఖ్య వారానికి రెట్టింపు అవుతున్నదనీ భావిస్తే నాలుగు వారాలకు అది 1,600కు, ఎనిమిది వారాలకు 25,600కు చేరుతుంది. నాలుగవ వారం చివర తీసుకోవలసిన నిర్ణయాన్ని ఒక్క వారం వాయిదా వేస్తే అప్పటికి రోగుల సంఖ్య 3,200 అవుతుంది. ఆలస్యానికి చెల్లించే మూల్యం ఇంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

పల్లె నుండి తెర వరకు

కంప్యూటరు ముందు కూర్చున్న నిపుణునికి రోగి కనిపించడు. సంఖ్య మాత్రమే కనిపిస్తుంది. ఆ సంఖ్య ఎక్కడ పుడుతుంది? ఎండలో ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్త నమోదులో పుడుతుంది. భారతదేశంలో 2004లో సమగ్ర వ్యాధి నిఘా పథకం ప్రారంభమైంది. ఆ పథకంలో మూడు రకాల పత్రాలు ఉన్నాయి. జ్వరం, దగ్గు, విరేచనాలు వంటి రోగలక్షణాలను ఆరోగ్య కార్యకర్త ఒకదానిలో నమోదు చేస్తారు. వైద్యాధికారి తన పరీక్షలో అనుమానించిన వ్యాధిని రెండవదానిలో రాస్తారు. ప్రయోగశాలలో నిర్ధారణ అయిన వ్యాధి మూడవదానిలో చేరుతుంది. తొలుత ఈ వివరాలు వారానికొకసారి పై అధికారులకు చేరేవి. 2021 ఏప్రిల్‌లో ప్రారంభమైన సమగ్ర ఆరోగ్య సమాచార వేదిక వల్ల వాటిని క్షేత్రస్థాయి నుండి ఎప్పటికప్పుడు పంపే వీలు కలిగింది.

ఇలా చేరిన సమాచారాన్ని సాఫ్ట్‌వేరు నేరుగా లెక్కలోకి తీసుకోదు. ఒకే రోగి రెండుచోట్ల నమోదై ఉండవచ్చు. ఒకే గ్రామం పేరును ఇద్దరు రెండు విధాలుగా రాసి ఉండవచ్చు. ఆదివారం ప్రయోగశాల మూసివేస్తే ఆ రోజు రోగులే లేనట్లు కనిపించవచ్చు. ఈ దోషాలన్నింటినీ తొలగించడం వ్యవస్థ చేయవలసిన మొదటి పని. బయటికి కనిపించని ఈ పనికే నిపుణుల శ్రమలో అధికభాగం ఖర్చవుతుంది.

ఆలస్యం వల్ల కలిగే భ్రమ ఇంతకంటె ప్రమాదకరమైనది. ఒక వ్యక్తికి సోమవారం జ్వరం వస్తుంది. గురువారం అతడు ఆసుపత్రికి వెళతాడు. శుక్రవారం నమూనా జిల్లా కేంద్రానికి చేరుతుంది. తరువాతి మంగళవారానికి గాని ఫలితం రాదు. కాబట్టి గడచిన కొద్దిరోజులకు సంబంధించిన సంఖ్యలు ఎప్పుడూ అసంపూర్ణంగానే ఉంటాయి. ఆ సంఖ్యలతో గీసిన రేఖ చివరిభాగం కిందికి వంగినట్లు కనిపిస్తుంది. వ్యాధి పెరుగుతున్న సమయంలోనే అది తగ్గుతున్నదని అధికారులు పొరబడే ప్రమాదం ఉంది. గతంలో ఎన్ని రోజుల ఆలస్యంతో ఎన్ని నమోదులు చేరాయో లెక్కవేసి ఈ లోటును పూరించడం మంచి వ్యవస్థ లక్షణం. రేపటిని ఊహించడానికి ముందు ఈనాటి స్థితిని సరిగా తెలుసుకోవాలన్నది దీని సారాంశం.

నమోదైన సంఖ్యే వాస్తవం కాదన్న ఎరుక కూడా అవసరమే. 2020 డిసెంబరు, 2021 జనవరి నెలలలో భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా రక్తపరీక్షల సర్వే జరిపింది. వయోజనులలో సుమారు ఐదింట ఒక వంతు మందికి అప్పటికే కరోనా సోకినట్లు అందులో తేలింది. అప్పటికి అధికారికంగా నమోదైనవారి సంఖ్య సుమారు కోటి మాత్రమే. వ్యాధి నిజంగా ఎంత వ్యాపించిందో, నమోదు పుస్తకం ఎంత చూపిందో ఈ రెండు సంఖ్యలను పోల్చితే అర్థమవుతుంది.

రెండు గుణపాఠాలు

సమాచారం చేతికి వచ్చినా దానిని పదిలపరచలేకపోతే ఏమవుతుందో ఇంగ్లండు అనుభవం చెబుతుంది. 2020 సెప్టెంబరు 25 నుండి అక్టోబరు 2 వరకు అక్కడ 15,841 కరోనా కేసులు లెక్కలో చేరకుండా పోయాయి. ప్రయోగశాలల నుండి వచ్చిన ఫలితాలను పాతకాలపు ఎక్సెల్ ఫైలులోకి ఎక్కించడం ఇందుకు కారణం. ఆ రకం ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు. హద్దు దాటిన వరుసలు ఎటువంటి హెచ్చరికా లేకుండా జారిపోయాయి. రోగులకు తమ ఫలితం తెలిసింది గాని, వారితో కలిసిమెలిసి తిరిగినవారిని సకాలంలో అప్రమత్తం చేయడం సాధ్యం కాలేదు. ఎంత గొప్ప గణితమైనా సంచికి పడ్డ చిల్లును పూడ్చలేదు.

రెండవ గుణపాఠం గూగుల్ సంస్థ ప్రయోగం నేర్పింది. జలుబు, జ్వరం వచ్చినవారు వైద్యుని వద్దకు వెళ్లడానికి ముందే ఇంటర్నెట్‌లో వాటి గురించి వెదుకుతారు. ఆ వెదుకులాటలను లెక్కిస్తే ఫ్లూ వ్యాప్తిని ప్రభుత్వం కంటె ముందే పసిగట్టవచ్చునన్న ఆలోచనతో ఆ సంస్థ 2008లో గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ అనే సేవను ప్రారంభించింది. 5 కోట్ల పదబంధాలను పరిశీలించి 45 పదబంధాలను ఎన్నుకొన్నారు. తొలి ఫలితాలు లోకాన్ని ఆశ్చర్యపరిచాయి. కాని 2009లో స్వైన్ ఫ్లూ తొలి విజృంభణను అది తక్కువగా అంచనా వేసింది. 2011 ఆగస్టు తరువాతి 108 వారాలలో 100 వారాలు ఎక్కువగా అంచనా వేసింది. వార్తలు చదివి భయపడి వెదికేవారికి, నిజంగా జ్వరంతో బాధపడుతూ వెదికేవారికి మధ్య తేడాను యంత్రం గుర్తించలేకపోయింది. చలికాలంలో సహజంగా పెరిగే ఇతర వెదుకులాటలు కూడా దానిని తప్పుదారి పట్టించాయి. 2015లో ఆ సేవ నిలిచిపోయింది. సమాచారం విస్తారంగా ఉన్నంతమాత్రాన అది సత్యం కాజాలదనీ, ఆసుపత్రి నమోదులతో తరచు సరిచూసుకొనడం తప్పనిసరి అనీ ఈ వైఫల్యం నిరూపించింది.

అంచనా జోస్యం కాదు

జోస్యం ఒకే మాట చెబుతుంది. శాస్త్రీయమైన అంచనా ఒక వ్యాప్తిని, ఒక షరతును చెబుతుంది. “వచ్చేవారం వెయ్యిమంది ఆసుపత్రిలో చేరతారు” అనడం కంటె “ఎనిమిది వందల నుండి పదిహేను వందల వరకు చేరవచ్చు” అనడం నిజాయితీ గల పద్ధతి. ఆసుపత్రి అధికారి పై హద్దును చూసి పడకలు సిద్ధం చేసుకోగలడు.

ఒకే నమూనాను నమ్ముకోవడం కూడా క్షేమం కాదు. 2020 ఏప్రిల్‌లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ ఆచార్యులు అనేక పరిశోధక బృందాల కరోనా అంచనాలను వారంవారం ఒకచోట చేర్చే వేదికను ఏర్పాటు చేశారు. అన్నింటినీ మేళవించిన ఉమ్మడి అంచనా ఏ ఒక్క బృందపు అంచనా కంటెనైనా నిలకడగా ఉన్నట్లు తేలింది. పదిమంది పెద్దలు కూర్చుని మాట్లాడితే తగవు తీరుతుందన్న నానుడి ఇక్కడ కూడా వర్తించింది. అయితే రోజులు గడిచేకొద్దీ అంచనాలలో దోషం పెరిగింది. వ్యాధి హఠాత్తుగా మలుపు తిరిగిన సమయంలో ఉమ్మడి అంచనా కూడా వెనుకబడింది.

షరతును మరచిపోతే కలిగే అనర్థానికి భారతదేశంలోనే ఉదాహరణ ఉంది. కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన, సాంకేతిక శాఖ నియమించిన నిపుణుల సంఘం 2020 అక్టోబరులో తన అంచనాను వెల్లడించింది. హైదరాబాదు ఐఐటీ ఆచార్యుడు ఎం. విద్యాసాగర్ ఆ సంఘానికి అధ్యక్షుడు. ప్రజలు జాగ్రత్తలన్నీ పాటిస్తే 2021 ఫిబ్రవరి నాటికి వ్యాధి కనిష్ఠస్థాయికి చేరుతుందని ఆ సంఘం తెలిపింది. జాగ్రత్తలు సడలితే కేసులు మళ్లీ విపరీతంగా పెరుగుతాయని కూడా హెచ్చరించింది. మొదటి మాట జనంలో నిలిచింది. రెండవ మాట మరుగునపడింది. ఇంతలో వేగంగా వ్యాపించే కొత్త రకం వైరస్ తలెత్తింది. 2021 మే మొదటివారంలో రోజువారీ కేసులు 4 లక్షలు దాటాయి. పడకలకు, ఆక్సిజనుకు కొరత ఏర్పడింది. వైరస్ రూపం మార్చుకొంటే పాత లెక్క చెల్లదన్న సత్యం దేశానికి ఎంతో ఖరీదైన అనుభవంగా మిగిలింది.

తప్పి గెలిచిన అంచనా

దీనికి భిన్నమైన ఉదాహరణ పశ్చిమ ఆఫ్రికాలో కనిపిస్తుంది. 2014లో గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాలలో ఎబోలా వ్యాధి విజృంభించింది. ఆ ఏడాది సెప్టెంబరులో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ఒక అంచనాను ప్రకటించింది. అదనపు చర్యలేవీ చేపట్టకపోతే 2015 జనవరి 20 నాటికి లైబీరియా, సియెర్రా లియోన్‌లలోనే కేసులు 5 లక్షల 50 వేలకు చేరవచ్చునని, నమోదు కానివారిని కూడా కలిపితే 14 లక్షలు కావచ్చునని అది తెలిపింది. దానితోపాటు మరొక మాట కూడా చెప్పింది. రోగులలో సుమారు 70 శాతం మందిని చికిత్సా కేంద్రాలలోగాని, వ్యాధి ఇతరులకు సోకని ఏర్పాట్లలోగాని ఉంచగలిగితే వ్యాధి అంతరిస్తుంది.

ఈ లెక్క వేయడానికి వాడినది ఏదో మహాయంత్రం కాదు. కార్యాలయాలలో సాధారణంగా ఉపయోగించే ఎక్సెల్ పట్టిక. ఇంగ్లండులో వేల కేసులను జారవిడిచిన పరికరమే ఇక్కడ ప్రపంచాన్ని మేల్కొలిపింది. పరికరం కంటె దానిని వాడే తీరు ముఖ్యమని ఈ రెండు ఉదంతాలు చాటుతున్నాయి. చికిత్సా కేంద్రాలు వెలిశాయి. సురక్షితమైన అంత్యక్రియల పద్ధతులను ప్రజలు స్వీకరించారు. చివరకు మూడు దేశాలలో కలిపి సుమారు 28,600 మందికి వ్యాధి సోకగా, 11,300 మందికి పైగా మరణించారు. అది చిన్న సంఖ్య కాదు. అయినా 14 లక్షల ముందు అది ఎంతో స్వల్పం. అంచనా తప్పిందని కొందరు విమర్శించారు. చర్యలు లేకపోతే ఏమవుతుందో చెప్పడమే ఆ అంచనా ఉద్దేశం. అది చెప్పినట్లు జరగకుండా చూడడమే దానిని ప్రకటించినవారి కోరిక.

మంచి వ్యవస్థకు ఉండవలసిన లక్షణాలు

ఈ అనుభవాలన్నింటి నుండి కొన్ని సూత్రాలు ఏర్పడ్డాయి. ఎవరికి ఏ నిర్ణయం కోసం సమాచారం కావాలో మొదట తేల్చుకొన్న తరువాతనే సాఫ్ట్‌వేరు రూపకల్పనకు పూనుకోవాలి. జిల్లా కలెక్టరుకు కావలసినది అందమైన రేఖాచిత్రం కాదు. “రెండు వారాలలో ఏ మండలంలో ఎన్ని పడకలు, ఎన్ని ఆక్సిజను సిలిండర్లు కావాలి? పాఠశాలలు మూస్తే ఏమవుతుంది? మూయకపోతే ఏమవుతుంది?” అన్న ప్రశ్నలకు సమాధానం కావాలి.

సమాచారం పంపే కార్యకర్తకు పని తేలిక కావాలి. సిగ్నలు లేని గూడెంలో కూడా వివరాలు నమోదు చేసి, సిగ్నలు అందినప్పుడు పంపే వీలుండాలి. ఆమె పంపిన సమాచారం ఏ పనికి ఉపయోగపడిందో తిరిగి ఆమెకు తెలియాలి. ఏ ప్రతిఫలమూ కనిపించని చాకిరీగా మారితే నమోదు మొక్కుబడి అవుతుంది. అప్పుడు కలెక్టరు తెర మీద కనిపించే సంఖ్య కూడా మొక్కుబడి సంఖ్యే అవుతుంది.

గతంలో వేసిన అంచనాలను దాచకుండా, జరిగినదానితో పోల్చి చూపాలి. అనిశ్చితిని కప్పిపుచ్చకూడదు. రోగి పేరు, చిరునామా, ఫోను నంబరు బయటికి పొక్కకూడదు. తన రోగం ఊరంతా తెలుస్తుందన్న భయం కలిగితే రోగి ఆసుపత్రికి రావడమే మానేస్తాడు. అందువల్ల గోప్యత రోగి హక్కు మాత్రమే కాదు, సమాచారపు నాణ్యతకు పునాది కూడా.

అన్నింటికంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. యంత్రం సలహా మాత్రమే ఇస్తుంది. వీధి మూసివేస్తే వ్యాధి ఎంత తగ్గుతుందో అది చెప్పగలదు. ఆ వీధిలో రోజుకూలి మీద బతికే కుటుంబానికి ఆ పూట అన్నం ఎవరు పెడతారో అది చెప్పలేదు. ఆ రెండింటినీ తూచి నిర్ణయించవలసినది ప్రజలకు జవాబుదారీ అయిన మనిషే.

పల్లెలో ఆరోగ్య కార్యకర్త రాసిన ఒక్క నమోదు నుండి రాజధానిలో వెలువడే ఉత్తర్వు వరకు సాగే ఈ ప్రయాణం ఒక గొలుసు వంటిది. అందులో ఏ ఒక్క కొక్కెం సడలినా గొలుసు నిలవదు. జాన్ స్నో చేతిలో కంప్యూటరు లేదు. కాని ఆయన ఇంటింటికీ వెళ్లి అడిగాడు. అడిగినది పటం మీద పెట్టాడు. పటం చూపినదాన్ని అధికారులు ఆలకించారు. పరికరాలు ఎన్ని మారినా మహమ్మారిని ఎదుర్కొనే మార్గం ఇదే.

కఠిన పదాలకు అర్థాలు

ఉద్ధృతి = తీవ్రత
పరాన్నజీవి = ఇతర జీవులపై ఆధారపడి బతికే జీవి
అనిశ్చితి = నిశ్చయం లేకపోవడం
గోప్యత = రహస్యంగా ఉంచడం
మొక్కుబడి = ఇక్కడ, పేరుకు మాత్రమే చేసే పని
గూడెం = చిన్న పల్లె, గిరిజనుల ఆవాసం

వ్యాకరణాంశాలు

గణితాభిమాని = గణిత + అభిమాని – సవర్ణదీర్ఘ సంధి
మరెక్కడా = మరి + ఎక్కడా – ఇకార సంధి
మూడు రాశులు = మూడు సంఖ్య గల రాశులు – ద్విగు సమాసం
రోగలక్షణాలు = రోగం యొక్క లక్షణాలు – షష్ఠీ తత్పురుష సమాసం
గాలివానలు = గాలియును, వానయును – ద్వంద్వ సమాసం

అభ్యాసం

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. అంటువ్యాధుల అంచనాలో సమాచార సేకరణకు గల ప్రాధాన్యాన్ని ఉదాహరణలతో వివరించండి.
2. “అంచనా జోస్యం కాదు” – ఈ మాటను పాఠ్యభాగం ఆధారంగా సమర్థించండి.

ఆ. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. తుపాను హెచ్చరికకు, అంటువ్యాధి అంచనాకు గల భేదం ఏమిటి?
2. గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ ఎందుకు విఫలమైంది?
3. ఎబోలా అంచనా తప్పినా గెలిచిందని ఎందుకు చెప్పవచ్చు?

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. రోనాల్డ్ రాస్ మలేరియా పరాన్నజీవిని దోమలో ఎక్కడ, ఎప్పుడు కనుగొన్నాడు?
2. కెర్మాక్, మెక్‌కెండ్రిక్‌లు ఏ నగరపు ప్లేగు లెక్కలను పరిశీలించారు?